తలకు పెద్ద దెబ్బ తగిలిన మనిషి ఇంటికొస్తుంటే: కర్నూలు సర్జికల్ షాపుల ‘బాడుగ సెట్టు’పై రివ్యూ

కర్నూలు పెద్దాసుపత్రి చుట్టుపక్కల ఏదైనా సర్జికల్ షాపుకు పోయి “కారు యాక్సిడెంట్, తలకు దెబ్బ, రేపో ఎల్లుండో డిశ్చార్జి” అని చెప్తే, కౌంటర్లో మనిషి రాసిచ్చే సామాను ఇంచుమించు ఒకటే: రెండు హ్యాండిళ్ల ఫౌలర్ మంచం, గాలి పరుపు, సక్షన్ మెషిన్ (గొంతులో కఫాన్ని లాగేసేది), సెలైన్ స్టాండు. నెలకు ఇంత బాడుగ, ఇంత అడ్వాన్సు, ట్రాలీ ఆటో ఖర్చు వేరే. అనంతపురంలో, కడపలో కూడా ఇదే పద్ధతి. హైదరాబాదులోనో బెంగళూరులోనో ఆపరేషన్ అయ్యాక 44వ నంబరు హైవే మీద అంబులెన్సులో మనిషిని ఇంటికి తెచ్చుకునే కుటుంబాలకు ఈ షాపులే ఆధారం. ఏ ఒక్క షాపునూ వేలెత్తి చూపడం ఇక్కడి ఉద్దేశం కాదు. ఆ సెట్టులో ఉండే వస్తువులు, వాటిని బాడుగకు ఇచ్చే తీరు, ఈ రెండింటి గురించే ఈ రివ్యూ.

ముందే తేల్చి చెప్పేస్తాను. సెట్టు అవసరమే, డబ్బుకు తగినదే. కాకపోతే తుంటి విరిగిన పెద్దాయనకు ఇచ్చే సెట్టే తలకు దెబ్బ తగిలిన పాతికేళ్ల కుర్రాడికీ ఇస్తారు. ఆ కుర్రాడి గొంతులో ట్యూబు ఉంటుంది. తల ఎముక ఒకవైపు తీసేసి ఉండొచ్చు. ఇవాళ కదలకుండా పడుకున్నవాడు, నెల తిరిగేసరికి మంచం దూకడానికి చూడొచ్చు. నొప్పి పుడుతోందని, ఊపిరి ఆడటం లేదని నోరు తెరిచి చెప్పలేడు. కాబట్టి వస్తువు సరిగా పని చేస్తోందా లేదా అన్నది ఇంట్లోవాళ్లే కనిపెట్టాలి. షాపువాళ్లు బిగించి వెళ్లిపోయే ముందు ఆ పరీక్షలన్నీ చేయించుకోవాలి.

షాపుకు పోయే ముందే డిశ్చార్జి కాగితంలో కొన్ని వివరాలు రాయించుకోండి. ట్రకియాస్టమీ ట్యూబు (ఊపిరి కోసం గొంతులో పెట్టిన గొట్టం) సైజు ఎంత, కఫ్ (ట్యూబు చుట్టూ గాలితో ఉబ్బే బుడగ) ఉన్నదా లేనిదా, లోపలి గొట్టం విడిగా ఊడొస్తుందా, దాన్ని ఎప్పుడు మార్చారు. ముక్కు పైపు, యూరిన్ పైపు సైజులు, వేసిన తేదీలు. తల ఎముక తీసి ఉంటే ఏ వైపు తీశారు. ఈ కాగితం జిరాక్సు షాపులో చూపిస్తే సగం పొరపాట్లు అక్కడే ఆగిపోతాయి. సైజు తెలియకుండా పోతే “అందరికీ ఇదే ఇస్తాం” అని 14 నంబరు సక్షన్ కాథెటర్ల (కఫం లాగడానికి ట్యూబులోకి పంపే సన్నటి పైపుల) కట్ట చేతిలో పెడతారు.

ముందు మంచం సంగతి. ఒక హ్యాండిల్ ఉన్నది సెమీ ఫౌలర్: వీపు భాగం మాత్రమే లేస్తుంది. రెండు హ్యాండిళ్లది ఫుల్ ఫౌలర్: మోకాళ్ల దగ్గర కూడా లేస్తుంది. బాడుగలో తేడా కొంచెమే, రెండోదే తీసుకోండి. కారణం ఇది. ముక్కు పైపులో ఆహారం పోసేటప్పుడు, పోశాక కనీసం అరగంట నుంచి గంట వరకు తల వైపు 30 నుంచి 45 డిగ్రీలు ఎత్తి ఉండాలి, లేకపోతే పోసింది పైకి తన్ని ఊపిరితిత్తుల్లోకి పోతుంది. వీపు ఒక్కటే లేపితే మనిషి మెల్లగా కాళ్ల వైపు జారుతాడు. జారేటప్పుడు పైచర్మం పరుపుకు అంటుకొని ఆగిపోతుంది, లోపలి ఎముక కిందికి దిగుతుంది. నడుము కింద త్రికాస్థి దగ్గర పుండు పుట్టేది చాలావరకు ఈ లాగుడుకే. అందుకే ముందు మోకాళ్ల హ్యాండిల్ కొంచెం తిప్పి, ఆ తర్వాత వీపు లేపాలి. దించేటప్పుడు ముందు వీపు, తర్వాత మోకాళ్లు.

అయితే మోకాళ్లను లేపి రోజంతా అలాగే వదిలేయకండి. తలకు దెబ్బ తగిలినవాళ్లలో కండరాలు బిగుసుకుపోతాయి. మోకాళ్లు మడిచే ఉంచితే కొన్ని వారాల్లో అవి చాపడానికి రావు. ఫీడు అయి, గంట గడిచాక మోకాళ్ల భాగాన్ని చదును చేసేయాలి. మోకాళ్ల కింద దిండు పెట్టి మరిచిపోవడం కూడా ఇంతే చెరుపు చేస్తుంది.

30 డిగ్రీలు అంటే ఎంత అన్నది చాలా ఇళ్లలో కంటి అంచనాతో సరిపెడతారు, తీరా కొలిస్తే అది 15 దాటదు. టేపు తీసుకోండి. వీపు రేకు పొడవు కొలవండి. దాని పైఅంచు మామూలు ఎత్తు కంటే సరిగ్గా ఆ పొడవులో సగం లేస్తే 30 డిగ్రీలు అయినట్టు. రేకు 80 సెంటీమీటర్లు ఉంటే అంచు 40 సెంటీమీటర్లు లేవాలి. అక్కడ గోడ మీద సుద్దముక్కతో గీత గీసి పెడితే రాత్రి డ్యూటీ చేసే తమ్ముడికైనా, పగలు చూసుకునే వదినకైనా మళ్లీ చెప్పే పని లేదు.

మంచం ఇంట్లోకి పట్టాలి గదా. తల పలక, కాళ్ల పలక ఊడొస్తాయి గాని మధ్య ఫ్రేము మడవదు. ఇంచుమించు ఆరున్నర అడుగుల పొడవు, మూడడుగుల వెడల్పు. పాతబస్తీ సందుల్లో, మెట్లు ఎక్కి మలుపు తిరిగే మిద్దెల్లో ఇది పట్టదు. వాకిలి వెడల్పు, మలుపు దగ్గర ఖాళీ కొలిచి షాపుకు చెప్పండి. ఇంకో సంగతి: మన ఇళ్లలో కడప బండలు, బేతంచెర్ల బండలు పరిచిన నేల ఎక్కువ. రాయికీ రాయికీ మధ్య ఎత్తుపల్లాలు ఉంటాయి. నాలుగు చక్రాల్లో ఒకటి గాల్లో ఉంటే, మనిషిని తిప్పిన ప్రతిసారీ మంచం ఊగుతుంది. బ్రేకు ఉన్న రెండు చక్రాలు గట్టిగా ఆనే చోట మంచం వేయించి, ఆడుతున్న చక్రం కింద రబ్బరు ముక్క పెట్టించండి. హ్యాండిల్ మర తిరిగేటప్పుడు కిర్రుమని ఆగి ఆగి తిరిగితే గ్రీజు ఎండిపోయిందని అర్థం. ఫిట్టర్ ఉండగానే పెట్టించండి, తర్వాత ఫోన్ చేస్తే రావడం కష్టం.

పక్క కటకటాలు. ఇక్కడే తలకు దెబ్బ తగిలినవాళ్లకూ మిగతావాళ్లకూ తేడా. కోమా నుంచి బయటపడే దారిలో చాలామందికి ఒక దశ వస్తుంది: అయోమయం, అలజడి, పైపులు పీకడం, మంచం దిగాలని పెనుగులాడటం. అది కోలుకోవడంలో భాగమే. ఇంట్లోవాళ్లు మాత్రం “మనిషి మారిపోయినాడు” అని కుమిలిపోతారు. ఆ దశలో కటకటాల సందుల్లో కాలు ఇరుక్కుంటుంది, లేదా వాటి మీదుగా ఎక్కి పడతాడు. మంచం ఎత్తు నుంచి తల మీద పడటమంటే మళ్లీ మొదటికి రావడమే. గాలి పరుపు వేశాక మనిషి రెండున్నర అంగుళాలు పైకి లేస్తాడు, అంటే కటకటం ఆ మేరకు పొట్టిదవుతుంది. ఇది షాపులో ఎవరూ చెప్పరు. కింద ఫోమ్ పరుపు, పైన గాలి పరుపు రెండూ వేశాక కటకటం పైఅంచు ఎంత ఎత్తుందో చూసుకోండి. జానెడైనా లేకపోతే ఎత్తు కటకటాలున్న మంచం అడగండి. సందులకు పాత దుప్పటి చుట్టి కట్టండి. చేతులు మంచానికి కట్టేయకండి, అలజడి రెట్టింపవుతుంది. పైపులు పీకుతుంటే మెత్తటి గుడ్డ సంచిలాంటి గ్లౌజు తొడిగితే చాలు. గొంతు ట్యూబు తీసేసి, లేచి తిరగాలని చూస్తున్న మనిషికైతే ఈ మంచమే తగదు. నేల మీద మందమైన పరుపు వేసి, మంచం వెనక్కి ఇచ్చేయడం మేలు. ఆ రోజుల్లో టీవీ ఆపేసి, పలకరించడానికి వచ్చేవాళ్లను ఒకరొకరుగా లోపలికి పంపండి. ఒకరు మాట్లాడుతుంటే ఇంకొకరు మాట్లాడకూడదు.

మంచానికి పదికి ఎనిమిది ఇస్తాను.

గాలి పరుపుకు ఆరే. పరుపు తప్పేం లేదు, దాన్ని అమ్మే మాటలోనే ఉంది తిరకాసు. “ఇది వేస్తే పుండ్లు పడవు” అంటారు. పడతాయి. రెండు గంటలకోసారి మనిషిని తిప్పడానికి ఇది సాయం మాత్రమే, తిప్పే పనికి బదులు కాదు. మన దగ్గర దొరికేది ఎక్కువగా బుడగల పరుపు: వంద పైచిలుకు బుడగలు రెండు జట్లుగా ఉంటాయి, చిన్న పంపు ఒక జట్టు నింపి ఇంకోదాన్ని వదులు చేస్తూ పది పన్నెండు నిమిషాలకు ఒక చుట్టు పూర్తి చేస్తుంది. ఒత్తిడి ఒకే చోట నిలవకుండా మారుతుండటమే దాని పని.

బిగించేటప్పుడు చూసుకోవాల్సినవి: పైపులు వచ్చే చివర కాళ్ల వైపు ఉండాలి, పంపు కాళ్ల పలకకు తగిలించాలి. తల వైపు పెడితే వీపు లేపిన ప్రతిసారీ పైపు మడతపడి గాలి ఆగుతుంది. కింద మామూలు ఫోమ్ పరుపు తప్పకుండా ఉండాలి, ఉత్త ఇనుప రేకు మీద వేయకూడదు. మొదట నాబ్ పూర్తిగా తిప్పి ఇరవై ముప్పై నిమిషాలు నింపాక, మనిషిని పడుకోబెట్టి, నాబ్‌ను బరువుకు తగ్గట్టు తగ్గించాలి. ఎక్కువ గాలి ఉంటే మంచిదనుకొని చివరిదాకా తిప్పి వదిలేస్తే పరుపు చెక్కలా బిగుసుకొని పుండుకు దారి తీస్తుంది. సరిపోయిందో లేదో చేతితో చూడాలి. నడుము కింది భాగంలో గాలి పరుపుకూ ఫోమ్ పరుపుకూ మధ్య అరచేయి తోయండి. చేతికీ పైన ఎముకకూ మధ్య అంగుళం మందాన గాలి తగలాలి. ఎముక సూటిగా చేతికి తగిలితే గాలి చాలదు. వీపు 30 డిగ్రీలు లేపి ఇంకోసారి చూడండి, అప్పుడు బరువంతా అక్కడికే దిగుతుంది.

బాడుగ పంపుల్లో ఎక్కువగా కనిపించే జబ్బు, గాలి నిండుతుంది గాని జట్లు మారవు. పంపు చప్పుడు వస్తుంది, లైటు వెలుగుతుంది, అంతా బాగున్నట్టే ఉంటుంది. లోపల గాలిని అటూ ఇటూ మళ్లించే భాగం ఇరుక్కుపోయి ఉంటుంది. పక్కపక్కన ఉన్న రెండు బుడగల మీద పెన్నుతో గుర్తు పెట్టి, ఆరేడు నిమిషాల తర్వాత మళ్లీ నొక్కి చూడండి. గట్టిగా ఉన్నది మెత్తబడి, మెత్తగా ఉన్నది గట్టిపడాలి. ఈ పరీక్ష ఫిట్టర్ ముందే చేయండి, అతనికి టీ ఇచ్చి కూర్చోబెట్టైనా సరే. తర్వాత వారానికోసారి చేయండి. దుమ్ము ఎక్కువున్న ఇంట్లో పంపు అడుగున ఉండే ఫిల్టరు ముక్క మూసుకుపోతుంది, దాన్ని ఊడదీసి శుభ్రం చేయాలి.

పరుపు మీద పలుచటి నూలు దుప్పటి ఒక్కటే. రబ్బరు షీటు, దాని మీద బొంత, దాని మీద డైపర్ షీటు వేస్తే కింద బుడగలు ఎంత మారినా ఒంటికి అందదు. ఎండాకాలం 40 డిగ్రీలు దాటే మన ఊళ్లలో ప్లాస్టిక్ పరుపు మీద వీపు చెమటకు నానిపోతుంది, తడి దుప్పటి వెంటనే మార్చాలి. పిన్నీసులు వాడొద్దు. కరెంటు పోతే బుడగలు మెల్లగా దిగిపోతాయి. ఇన్వర్టర్ ఉంటే ఈ పంపు లాగే కరెంటు లెక్కలోకి రానంత తక్కువ. ఇన్వర్టర్ లేకపోతే రెండు పైపులనూ మడిచి రబ్బరు బ్యాండు వేయండి, గాలి కాసేపు నిలుస్తుంది.

పాతకాలం నీళ్ల పరుపు ఇస్తామంటే వద్దనండి. తల వైపు లేపగానే నీళ్లన్నీ కాళ్ల వైపు దిగుతాయి, ఇక 30 డిగ్రీల మాటే లేదు. నడుము కింద పెట్టుకోమని ఇచ్చే గుండ్రటి ట్యూబు దిండు కూడా వద్దు. అది చుట్టూ రక్తప్రసారాన్ని ఆపి మధ్య చర్మాన్ని ఇంకా చెడగొడుతుంది. చర్మం ఎర్రబడిన చోట వేలితో నొక్కి వదిలితే తెల్లబడి మళ్లీ ఎర్రబడాలి. తెల్లబడకపోతే పుండు మొదలైనట్టు. ఆ చోట కొబ్బరినూనె వేసి రుద్దడం మనవాళ్లకు అలవాటు, ప్రేమతోనే చేస్తారు. రుద్దితే లోపలి కణజాలం ఇంకా నలుగుతుంది. ఆ చోట బరువు పడకుండా చూడటమే మందు.

తల ఎముక తీసినవాళ్లకు ఇంకో జాగ్రత్త. ఎముక లేని వైపు తల దిండుకు ఆనకూడదు, కాబట్టి ఎడమ, వెల్లకిల, కుడి అనే మూడు పొజిషన్లలో ఒకటి తగ్గినట్టే. మిగిలిన రెండింటి మీద భారం ఎక్కువ పడుతుంది. ఆ వైపు ఒళ్లు కొంచెం ఒరిగేలా వీపు కింద దిండు పెట్టి, తల మాత్రం ఆనకుండా ఎలా ఉంచాలో ఫిజియోథెరపిస్టు చేత చూపించుకోండి. మడమలు గాల్లో ఉండేలా పిక్కల కింద దిండు పెట్టండి. మంచం తల పలకకు ఏ వైపు ఎముక లేదో పెద్ద అక్షరాలతో రాసి అతికించండి, కొత్తగా వచ్చిన అటెండర్‌కు కూడా కనిపించేలా. కూర్చోబెట్టేటప్పుడు డాక్టరు చెప్పిన హెల్మెట్ పెట్టాలి.

ఇక సక్షన్ మెషిన్. సెట్టులో ప్రాణం నిలిపే వస్తువు ఇదొక్కటే, బాడుగ షాపుల్లో పరీక్ష చేయకుండా ఇచ్చేదీ ఎక్కువగా ఇదే. షాపులో స్విచ్చి వేసి “డుర్‌మంటోంది చూడండి” అంటారు. శబ్దం ఏమీ చెప్పదు. పైపు చివరను బొటనవేలితో గట్టిగా మూసి మీటరు ముల్లు చూడండి. నాబ్ తిప్పుతుంటే ముల్లు మెల్లగా పెరిగి, మీరు అనుకున్న చోట నిలవాలి. పెద్దవాళ్లకు 80 నుంచి 120 మిల్లీమీటర్ల మెర్క్యురీ దగ్గర పెట్టుకోవాలి. మీటరు కిలోపాస్కల్‌లో ఉంటే అది 11 నుంచి 16. మెషిన్ అంతకంటే ఎన్నో రెట్లు లాగగలదు. నాబ్ పూర్తిగా తిప్పి వాడితే శ్వాసనాళం లోపలి పొర గీసుకుపోయి రక్తం పడుతుంది. ముల్లు కదలకపోతే మూడు చోట్ల చూడండి: సీసా మూత రబ్బరు వాషర్ పగిలిందా, పైపులు అటూ ఇటూ తారుమారుగా తగిలించారా, మెషిన్‌కూ సీసాకూ మధ్య ఉండే గుండ్రటి ఫిల్టరు తడిసిందా. ఆ ఫిల్టరు ఒకసారి తడిస్తే గాలి పోనివ్వదు. మెషిన్ పాడైందని అర్ధరాత్రి కంగారుపడే ఇళ్లలో చాలాసార్లు తప్పు దీనిదే. రెండు ఫిల్టర్లు, ఒక వాషర్ అదనంగా కొని మెషిన్‌కు కట్టిపెట్టండి.

కాథెటర్ సైజుకు లెక్క ఉంది. ట్రకియాస్టమీ ట్యూబు లోపలి వ్యాసంలో నుంచి రెండు తీసేసి, మిగిలిన దాన్ని రెట్టింపు చేయాలి. 8 నంబరు ట్యూబుకు 12, 7 నంబరుకు 10. ట్యూబు రంధ్రంలో సగానికి మించి కాథెటర్ నిండితే సక్షన్ చేసేటప్పుడు మనిషికి గాలి అందదు. కట్ట మీద అంకె చెరిగిపోయినా కనెక్టర్ రంగు చూసి పట్టేయొచ్చు: 10కి నలుపు, 12కి తెలుపు, 14కి ఆకుపచ్చ.

చేసే పద్ధతిని వార్డులో నర్సమ్మ దగ్గర నేర్చుకొని, ఆమె చూస్తుండగా ఇంట్లో కనీసం ఇద్దరు తమ చేత్తో చేశాకే డిశ్చార్జికి ఒప్పుకోండి. క్లుప్తంగా ఇదీ: చేతులు కడిగి గ్లౌజు వేసుకోవాలి. కాథెటర్ లోపలికి పోయేటప్పుడు కనెక్టర్ దగ్గరుండే బొటనవేలి రంధ్రం తెరిచే ఉండాలి, అంటే లాగుడు ఉండకూడదు. ట్యూబు పొడవును ముందే కొలిచి కాథెటర్ మీద గుర్తు పెట్టుకొని అంతవరకే పంపాలి. బయటికి తీసేటప్పుడు రంధ్రం మూసి, మెల్లగా తిప్పుతూ తీయాలి. మొత్తం 10 సెకన్లు, ఎంత ఆలస్యమైనా 15 దాటకూడదు. కాసేపు ఊపిరి తీసుకోనిచ్చి అవసరమైతే మళ్లీ. గొంతు అయ్యాకే నోరు. నోట్లో పెట్టినది తిరిగి గొంతులోకి పోకూడదు. గంటకోసారి అని గడియారం చూసి చేసే పని కాదు ఇది. గుర్రుగుర్రుమని గల్ల శబ్దం, దగ్గు, ఆయాసం, ఆక్సిజన్ అంకె పడిపోవడం కనిపిస్తే చేయాలి. కాథెటర్ లోపలికి దిగకపోతే ట్యూబు మూసుకుపోయినట్టు. లోపలి గొట్టం విడిగా వచ్చే రకమైతే దాన్ని వెంటనే బయటికి తీసేయాలి, 108కి ఫోన్ చేయాలి. అదే సైజు ట్యూబు ఒకటి, ఒక సైజు చిన్నది ఒకటి తల దగ్గర సంచిలో ఎప్పుడూ ఉండాలి. ఇవి సెట్టులో ఇవ్వరు, అడిగి కొనండి.

మన ఎండలకు కఫం ఎండి జిగురవుతుంది. ముక్కు చేసే తేమ పని గొంతు ట్యూబు ఉన్నవాళ్లకు జరగదు. ట్యూబు మూతికి తగిలించే, ఊపిరిలోని తేమను నిలిపే హెచ్‌ఎంఈ ఫిల్టరు, లేదా డాక్టరు రాసిన సెలైన్ నెబులైజేషన్ ఏప్రిల్, మే నెలల్లో మానకూడదు. ఎయిర్ కూలర్ గాలి సూటిగా గొంతు మీదికి కొట్టకుండా పక్కకు తిప్పండి. సీసాలో 50, 100 మిల్లీలీటర్ల నీళ్లు ముందే పోసి పెడితే కఫం అడుగున అంటుకోదు. మూడు వంతులు నిండకముందే పారబోయాలి, రోజూ కడిగి హైపోక్లోరైట్ నీళ్లలో నానబెట్టాలి.

కరెంటు సంగతి. గాలివానకు ఫీడరు పోతే రాత్రంతా రాకపోవచ్చు. 1912కి ఫోన్ చేసినా లైన్‌మన్ వచ్చేదాకా గల్ల ఆగదు. బ్యాటరీ ఉన్న మెషిన్ దొరికితే బాడుగ ఎక్కువైనా అదే తీసుకోండి. దొరకకపోతే కాలితో తొక్కే సక్షన్ పంపు ఒకటి సొంతంగా కొనండి. సెట్టులో అది లేకపోవడం నా దృష్టిలో అన్నిటికంటే పెద్ద లోపం. గొంతు ట్యూబు ఉన్న ఇంట్లో అది లేకుండా ఒక్క రాత్రి కూడా గడపకూడదు.

చిల్లర సామానులో 50 మిల్లీలీటర్ల ఫీడింగ్ సిరంజీలు బాగానే ఉంటాయి, రబ్బరు బిగిస్తే మార్చాలి. ఫీడుకు ముందూ తర్వాతా 30 మిల్లీలీటర్ల నీళ్లు పోయకపోతే ముక్కు పైపు మూసుకుపోతుంది. రాగిజావ పల్చగా కాచి గుడ్డలో వడగట్టాలి, ఉండ ఒక్కటి చాలు పైపు పూడటానికి. మూర్ఛ మాత్రల్లో మెల్లగా కరిగే రకాలను పొడి చేయకూడదు, సిరప్ రూపం ఉందేమో డాక్టరును అడగండి. యూరిన్ బ్యాగు మంచానికి కిందుగా ఉండాలి, నేలను తాకకూడదు. సెలైన్ స్టాండు ఇంట్లో చాలామందికి అక్కర్లేదు. ఆక్సిజన్ కాన్సన్‌ట్రేటర్ (గాలి నుంచి ఆక్సిజన్ తీసిచ్చే మెషిన్) “ఎందుకైనా మంచిది” అని అంటగడతారు, డిశ్చార్జి కాగితంలో ఎన్ని లీటర్లో రాసి ఉంటేనే తీసుకోండి.

సెట్టులో లేనిది, నెల తర్వాత కావాల్సింది వీల్‌చైరు. షాపులో ఇచ్చే మామూలు మడత వీల్‌చైరు వీపు భుజాల దాకే ఉంటుంది. మెడ నిలవని మనిషి తల వెనక్కి వాలిపోతుంది. వెనక్కి వంగే, తల ఆనించే పలక ఉన్న, కాళ్లు లేపగల రకం అడగండి. గడప నాలుగు అంగుళాలుంటే నాలుగు అడుగుల వాలు పలక కావాలి, అంగుళానికి ఒక అడుగు లెక్క.

ఏది కొనాలి, ఏది బాడుగకు తేవాలి? గాలి పరుపు కొనండి. ఇంకొకరి పుండ్ల కింద పరిచిన ప్లాస్టిక్‌ను ఎంత కడిగినా ఎందుకు, ధర కూడా మంచంతో పోలిస్తే చాలా తక్కువ. మంచం బాడుగకే మేలు, కొన్ని నెలల్లో అవసరం మారిపోతుంది. సక్షన్ మెషిన్ ధరను నెల బాడుగతో భాగించి చూడండి. ఆరు నెలల లోపే ధర తేలిపోతుంటే, డాక్టరు కూడా ట్యూబు అంతకంటే ఎక్కువ కాలం ఉంటుందంటే, కొనేయండి.

షాపును ఎంచుకునేటప్పుడు బాడుగ వంద రూపాయలు తగ్గించినవాడి కంటే, “రాత్రి రెండింటికి మెషిన్ ఆగితే ఎవరికి ఫోన్ చేయాలి, ఎన్ని గంటల్లో ఇంకోటి తెస్తారు?” అన్న ప్రశ్నకు సూటిగా జవాబు చెప్పినవాడు మేలు. ఆ మాట రసీదు వెనక రాయించుకోండి. అడ్వాన్సు ఎప్పుడు తిరిగిస్తారు, నెల మధ్యలో వెనక్కిస్తే రోజుల లెక్కనా నెల లెక్కనా, గీత పడితే ఎంత కోస్తారు, ఇవి కూడా.

బిల్లు విషయంలో మొహమాటం వద్దు. తెల్లకాగితం మీద మొత్తం రాసిస్తే ఒప్పుకోకండి. పేషెంటు పేరు, వస్తువు పేరు, తేదీ, జీఎస్టీ నంబరు ఉన్న బిల్లు ప్రతి నెలా తీసుకోండి. మోటారు ప్రమాదాల ట్రిబ్యునల్లో పరిహారం అడిగేటప్పుడు బాడుగ, కాథెటర్లు, డైపర్లు, అటెండర్ జీతం అన్నీ లెక్కలోకి వస్తాయి, కాగితం ఉంటేనే. 2020లో సుప్రీంకోర్టు, రోడ్డు ప్రమాదంలో తలకు దెబ్బ తగిలిన పన్నెండేళ్ల అమ్మాయి కేసులో, అటెండెంట్ ఖర్చును ఒక మొత్తంగా కాకుండా గుణకం పద్ధతిలో (ఏడాది ఖర్చును వయసును బట్టి ఉండే అంకెతో హెచ్చవేసి) లెక్కగట్టి ఇచ్చింది. కాబట్టి అటెండర్‌కు జీతం వీలైనంతవరకు ఫోన్‌పేలోనో బ్యాంకులోనో వేయండి, తేదీలు నిలిచి ఉంటాయి. 2022 ఏప్రిల్ నుంచి క్లెయిముకు ప్రమాదం జరిగిన ఆరు నెలల గడువు నిబంధన వచ్చింది. మనిషి తేరుకున్నాక చూద్దామనుకోకుండా, ఆసుపత్రిలో ఉండగానే ఇంట్లో ఒకరు ఎఫ్‌ఐఆర్ కాపీ తీసుకొని లాయరును కలవాలి.

వెనక్కిచ్చేటప్పుడు సెట్టంతా ఒకేసారి ఇవ్వకండి. గొంతు ట్యూబు తీసేసి, ఆ రంధ్రం పూడి, గల్లను తనే దగ్గి ఉమ్మగలుగుతున్నాడని డాక్టరు చూసి చెప్పాకే సక్షన్ మెషిన్ ఇవ్వండి. గాలి పరుపు, తనంతట తాను పక్కకు తిరగడం వచ్చేదాకా తీయొద్దు. మంచం ఇచ్చే రోజు ఫిట్టర్ ఎదుట నాలుగు వైపులా ఫోటో తీసి, అడ్వాన్సు చేతికొచ్చాకే ట్రాలీ ఎక్కించండి.